ఆవాల డబ్బా పక్కన రేసు కారు

మా వంటింటి గట్టు మీద పోపుల పెట్టెలు రెండుంటాయి. ఒకటి నాది. రెండోది కూడా నాదే, కానీ మా ఆయనా మా అబ్బాయీ కలిసి దాన్ని ఎత్తుకుపోయారు. నా పెట్టెలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు. వాళ్ళ పెట్టెలో 2 మిల్లీమీటర్ల స్క్రూలు, ఆవగింజంత ఉక్కు గుండ్లు, ఉల్లిపొరలాంటి వాషర్లు, ఊపిరి వదిలితే ఎగిరిపోయే స్ప్రింగులు, పళ్ళ చక్రాలు. పొద్దున్నే కళ్ళజోడు లేకుండా పోపు వెయ్యాలంటే ఏ మూత తీస్తున్నానో ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సొస్తోంది.

ఇదంతా ఒక బొమ్మ కారు కోసం. అయ్యో, బొమ్మ అనకూడదు. బొమ్మ అంటే తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ కోపం. "అది రేసు కారు అమ్మా, చిన్న సైజు అంతే" అంటాడు మావాడు. జపాన్‌లో క్యోషో అని ఒక కంపెనీ ఉంది. 1963 నుంచీ ఇలాంటివే చేస్తోంది. వాళ్ళు 1999లో మినీ-జెడ్ అని ఒక కారు తెచ్చారు. అసలు కారుని ఇరవై ఎనిమిదో వంతుకి కుదిస్తే ఎంతవుతుందో దాదాపు అంత. నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల కారు పదిహేను సెంటీమీటర్లయిపోతుందన్నమాట. నా వంటింటి తూకంలో పెట్టి చూశాను, బ్యాటరీలతో కలిపి 170 గ్రాములు అటూ ఇటూ. ఒక చిన్న మామిడికాయ అంత లేదు. కానీ అందులో అసలు కారులో ఉన్నవన్నీ ఉన్నాయి. మోటారు, గేర్లు, డిఫరెన్షియల్, సస్పెన్షన్, స్టీరింగు. ఏది కాస్త అటూ ఇటూ అయినా బండి మాట వినదు.

మా తమ్ముడు సింగపూర్ నుంచి వస్తూ మేనల్లుడికని తెచ్చాడు. వచ్చిన కొత్తలో వాడు దాన్ని హాల్లో నాలుగుసార్లు గోడకి కొట్టి, అలమార మీద పెట్టేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికీ దాని ధ్యాస లేకుండా పోయింది.

ఎందుకంటే ఆ ఏడు సంక్రాంతి వారంలో మా ఆయనకి పక్షవాతం వచ్చింది.

మాది మైపాడు దగ్గర. సముద్రం మా ఇంటికి వినబడేంత దూరం. అయిదెకరాల్లో వనామీ రొయ్యల చెరువులు. ఆయన తెల్లవారుజామున చెరువు గట్టు మీంచి వచ్చి, వరండాలో కూర్చుని టీ తాగుతున్నారు. గ్లాసు చేతిలోంచి జారింది. "ఏంది ఇట్లా జారిపోయిందే" అన్నారు, ఆ మాట ముద్దగా వచ్చింది. మూతి ఓ పక్కకి పోయింది. నేను పక్కింటి కారు అడిగి నెల్లూరు తీసుకుపోయాను. గంటలోపే చేరాం. అక్కా చెల్లెళ్ళూ, ఇది మాత్రం గుర్తుంచుకోండి. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడడం, వీటిలో ఏది హఠాత్తుగా కనిపించినా ఉప్పునీళ్ళు తాగించడం, నూనె మర్దనా చెయ్యడం లాంటివి పెట్టుకోకండి. మెదడు స్కానింగు ఉన్న ఆస్పత్రికి పరుగెత్తండి. రక్తపు గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు అయితేనే ఇస్తారు. అది కూడా ఎంత త్వరగా పడితే అంత మేలు.

ప్రాణానికి ఢోకా లేకుండా బయటపడ్డారు. మాట నెల రోజుల్లో సర్దుకుంది. కాలు మూడు నెలలకి దారికొచ్చింది. కుడి చెయ్యి మాత్రం సగం దగ్గర ఆగిపోయింది. భుజం లేస్తుంది, మోచెయ్యి వంగుతుంది, వేళ్ళే. చిటికెన వేలూ దాని పక్క వేలూ ముడుచుకునే ఉంటాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక వస్తువుని పట్టుకోమంటే వణుకు. ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చింది, రోజుకి వందసార్లు నొక్కమంది. చిక్కుడు గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఏరి వెయ్యమంది. ఆయన బంతి వంక చూసేవారు, కిటికీలోంచి సముద్రం వైపు చూసేవారు. గింజల గిన్నె నేను పెట్టింది పెట్టినట్టే ఉండేది. "నేనేమన్నా ఎల్‌కేజీ పిలగాడినా" అన్నారొకసారి. ఇరవై రెండేళ్ళుగా మోటార్లు, ఏరియేటర్లు, జనరేటర్లు విప్పి బిగించిన మనిషి. ఊళ్ళో ఎవరి చెరువులో ఏరియేటర్ ఆగినా మా ఇంటికే కబురొచ్చేది. ఆ మనిషిని చిక్కుడు గింజలు ఏరమంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. తెలిసినా ఏం చెయ్యను?

చెరువులు మా మరిదికి కౌలుకిచ్చాం. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఎనిమిదో తరగతిలో ఉన్న కొడుకు తండ్రి కూర్చున్న గదిలోకి రాకుండా పెరటి దారిన తిరిగేవాడు. అన్నం కలపడానికి ఎడమ చెయ్యి అలవాటు చేసుకుంటుంటే వాడు చూడలేకపోయేవాడు.

కారు ఎట్లా కిందికి దిగిందంటే, అలమార సర్దుతూ నేనే దించాను. వెనక చక్రం తిరగడం లేదు. వాడు స్క్రూడ్రైవర్ తెచ్చుకుని వరండాలో కూర్చుని ఏదో తిప్పుతుంటే ఆయన చాలాసేపు చూసి, "ఒరే, ముందు ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకలు తియ్యరా, మీయమ్మవి" అన్నారు. నిజమే, నా జుట్టే. ఇరుసుకీ బేరింగుకీ మధ్య బిగుసుకుపోయి ఉంది. దానికి తోడు నేను జాకెట్లు కుట్టే మిషను దగ్గర రాలిన దారాలు. ఇప్పటికీ మా ఇంట్లో ఆ కారుకి మొదటి శత్రువుని నేనే. వారానికోసారి చక్రాలు విప్పి ట్వీజర్‌తో నా వెంట్రుకలు లాగుతారు. జడ బిగించి వేసుకోమని మొగుడూ కొడుకూ కలిసి నాకు చెప్పే రోజులొచ్చాయి.

ఆ రోజు ట్వీజర్ పట్టుకుంది వాడే. మర్నాడు ఆయన అడిగి తీసుకున్నారు.

ఇక్కణ్ణుంచి నాకు తెలిసిన కారు విద్య కొంచెం చెప్తాను. రెండేళ్ళుగా కూరగాయలు తరుగుతూ విన్నదే కదా, ఇంజినీరింగు సీటు ఇచ్చినా ఇవ్వచ్చు నాకు.

ఈ కారు వెనక చక్రాలతో నడుస్తుంది. మోటారు వెనకే ఉంటుంది, దాని గూడు వేరే ముక్క. ఆ గూటినీ ముందు భాగాన్నీ కలుపుతూ సన్నటి పట్టీ ఒకటి, ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో. టీ-ప్లేట్ అంటారు. ఆ పట్టీ వంగడమే వెనక సస్పెన్షన్. మెత్తటి పట్టీ వేస్తే వెనక చక్రాలు నేలని బాగా పట్టుకుంటాయి. గట్టిది వేస్తే బండి చురుగ్గా తిరుగుతుంది కానీ జారుతుంది. ముందు చక్రాలకి మాత్రం సూదంత కమ్మీల మీద బుల్లి స్ప్రింగులు.

అన్నిటికంటే టైర్లదే పెత్తనం. రబ్బరు ఎంత మెత్తనో నంబరుతో చెప్తారు, నంబరు తగ్గేకొద్దీ మెత్తన. వెనక మెత్తటివి, ముందు కాస్త గట్టివి వెయ్యాలి. తిరగేసి వేశారనుకోండి, మలుపులో ముందు చక్రాలు గట్టిగా పట్టుకుని, వెనక భాగం తోక తిప్పేసి గుండ్రంగా తిరిగిపోతుంది. ముందు మరీ గట్టివైతే స్టీరింగు ఎంత తిప్పినా మొండి గేదెలా నేరుగా పోయి గోడకి కొట్టుకుంటుంది. మొదటిదాన్ని ఓవర్ స్టీర్ అనీ, రెండోదాన్ని అండర్ స్టీర్ అనీ అంటారు. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తమ్మకీ నాకూ మధ్య ఈ రెండూ ఉండేవి, పేర్లు తెలీవంతే.

టైరుని రిమ్ముకి అంటించడానికి సన్నటి రెండు వైపులా జిగురున్న టేపు వేస్తారు. ఆ టేపు ఒక చుట్టు సరిగ్గా రావాలి. చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడ బొడిపె లేచి చక్రం ఎగురుతుంది. రిమ్ము నా బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది. ఆయన మొదటి టైరు అంటించడానికి ఒక పూట పట్టింది. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. కుడి చేతి రెండు వేళ్ళ మధ్య రిమ్ము, ఎడమ చేత్తో టేపు. జారిపోతుంది, తీస్తారు. మళ్ళీ జారిపోతుంది. మావాడు అందుకోబోతే "నువ్వాగు" అన్నారు. మధ్యాహ్నం పప్పు చల్లారిపోయింది, నేను పిలవలేదు. ఆ సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోన్ చేసి ఇట్లా ఇట్లా అని చెప్తే, "చెయ్యనివ్వండి మేడం, కానీ బంతి, చేతి సాగదీతలు మానద్దు. ముందు అవి చేశాకే ఇది" అంది. ఆ షరతు మీదే నా పోపుల పెట్టె ఇచ్చాను. ఇప్పటికీ అంతే, వంద లెక్కపెట్టాకే పెట్టె మూత తీస్తాను.

తర్వాతది డిఫరెన్షియల్. మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలివైపు చక్రం తక్కువ. రెంటినీ ఒకే ఇరుసుకి బిగిస్తే ఒకటి ఈడ్చుకుంటూ వస్తుంది. అందుకని మధ్యలో ఉక్కు గుండ్లు పెట్టి, అటూ ఇటూ రెండు పళ్ళేలతో నొక్కి, చివర నట్టు బిగిస్తారు. ఆ నట్టు ఎంత బిగించాలన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. వేళ్ళకి తెలియాలి. వెనక చక్రాలు రెండూ కదలకుండా పట్టుకుని మధ్య పళ్ళ చక్రాన్ని బొటనవేలితో తిప్పితే, బలంగా తోస్తేనే జారాలి. ఊరికే జారిపోతే వదులు. గుండ్లు గరుకుగా తగిలితే విప్పి, తుడిచి, గ్రీజు ఆవగింజంత పెట్టి మళ్ళీ కూర్చాలి. ఇడ్లీ పిండి పట్టు చూడ్డం, పాకం తీగ చూడ్డం లాంటిదే. ఒకరోజు ఆయన, "కుడి బొటనవేలికి గరుకు తెలుస్తుండాది" అన్నారు. మామూలుగానే అన్నారు, కారు గురించి చెప్తున్నట్టు. నేను స్టవ్ కట్టేసి పెరట్లోకి పోయి కాసేపు నిలబడి వచ్చాను. ఏడాదిన్నరగా ఆ వేలికి వేడీ తెలీదు, గరుకూ తెలీదు.

ఆ గుండ్లు కిందపడితే వెతకడం మా ఇంటిల్లిపాది పని. చీర కుచ్చిళ్ళకి పెట్టుకునే పిన్నుల కోసం నా దగ్గర ఒక అయస్కాంతం ఉండేది, అదీ వాళ్ళ పెట్టెలోకే పోయింది.

ఎత్తు కొలవడం ఒకటుంది. కారు అడుగుభాగం నేలకి ఎంత పైన ఉండాలన్నది. ఎంత కిందికుంటే మలుపులో అంత తక్కువగా ఒరుగుతుంది, కానీ మరీ కిందికైతే గీసుకుంటుంది. దీనికి బజార్లో కొలతబద్దలు అమ్ముతారు. మా ఇంట్లో గడువు తీరిన ఏటీఎం కార్డులు. ఒక్కో కార్డు 0.76 మిల్లీమీటర్ల మందం, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. రెండు కార్డులు కలిపి దూర్చితే ఒకటిన్నర మిల్లీమీటరు. బరువు ఎడమకీ కుడికీ సమంగా ఉందో లేదో చూడ్డానికి నా వంటింటి తూకం. ఒక వైపు చక్రాలు తూకం మీద, రెండో వైపు అదే ఎత్తులో పుస్తకాల మీద పెట్టి చూసి, మళ్ళీ తిప్పి పెట్టి చూస్తారు. నేరుగా పోతోందో లేదో చూడ్డానికి హాల్లో టైల్స్ మధ్య గీత. ఆ గీత మీద వదిలితే ఒక పక్కకి లాగకూడదు. లాగితే స్టీరింగు మీట కాస్త సరిచెయ్యాలి, లేదా ఏ ఇరుసులోనో నా వెంట్రుక ఉన్నట్టు.

ఇక మా ఊరి సంగతి. జపాన్‌లో వాళ్ళు ఈ కారు చేసేటప్పుడు మైపాడు ఉప్పుగాలి సంగతి ఆలోచించి ఉండరు. మా ఇళ్ళల్లో తాళంకప్పలు, కిటికీ కమ్మీలు, గ్యాస్ స్టవ్ కాళ్ళు ఏదీ రెండేళ్ళు మెరవదు, మీకు తెలిసిందే. కారు చక్రాల్లో శనగబద్దంత బేరింగులుంటాయి. మొదటి వానాకాలం అయ్యేసరికి అవి గరగరమన్నాయి. ఆయన అప్పటికి రొయ్యల చెరువుల ఏరియేటర్ బేరింగులతో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి కదా, వెంటనే పట్టేశారు. మందుల షాపులో దొరికే స్పిరిట్లో నానబెట్టి, ఆరబెట్టి, మిషను నూనె సూదిమొనతో ఒకే ఒక్క చుక్క. కొబ్బరినూనె ఇస్తానన్నాను, వద్దన్నారు. కొన్నాళ్ళకి అది జిగురుగా మారి దుమ్ముని పట్టేస్తుందట. ఆ తర్వాత తుప్పు పట్టని బేరింగులు తెప్పించారు, వాటి ఖరీదు నేను ఇక్కడ రాయను, మా అత్తమ్మకి ఎవరైనా చదివి వినిపిస్తే ప్రమాదం. కారు నిద్రపోయేది గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో. అందులో నేను చెప్పుల పెట్టెల్లోంచీ బ్యాగుల్లోంచీ ఏళ్ళ తరబడి దాచిన సిలికా జెల్ పొట్లాలు. ఎందుకే అవి దాస్తావు అని నవ్విన నోళ్ళే ఇప్పుడు ఇంకా ఉన్నాయా అని అడుగుతున్నాయి.

ఇసుక ఇంకో తంటా. మా తీరం ఇసుకలో నల్లటి రేణువులు కనిపిస్తాయి చూడండి, వాటిలో కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి. మోటారులో ఉన్నవి అయస్కాంతాలే. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన కాళ్ళతో హాల్లో నడిస్తే చాలు, రెండ్రోజుల్లో మోటారు లోపల గీరుతున్న చప్పుడు. అందుకని కారు తిరిగే చోటు వేరు చేశారు. చిన్నపిల్లల బడుల్లో వేసే పజిల్ మ్యాట్లు, ఒకదానిలో ఒకటి ఇరికించే మెత్తటి ఫోమువి, మేడమీది గదిలో పరిచారు. విదేశాల్లోనూ ఈ బుల్లి కార్లకి ఫోము పరిచే ట్రాకులు చేస్తారట. అంచులకి కరెంటు వైర్లు దూర్చే ప్లాస్టిక్ పైపులు. పరుగుకి ముందు టైర్లని ప్యాకింగు టేపు జిగురు వైపు మీద దొర్లించి దుమ్ము తీస్తారు. ఆ గదిలోకి చెప్పులతోనే కాదు, తడి కాళ్ళతో కూడా రాకూడదు. వడియాలు ఎండబెట్టుకోవడానికి ఆ గది గుండానే పోవాలి నేను. వడియాలకి ఇప్పుడు అపాయింట్‌మెంటు.

కారు తయారుచెయ్యడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. దాని రిమోట్ పిస్తోలు ఆకారంలో ఉంటుంది. ఎడమ చేత్తో పట్టుకుని చూపుడువేలితో మీట నొక్కితే వేగం. పక్కన చిన్న చక్రం, అది కుడి చేత్తో తిప్పాలి. కుడి చేత్తోనే. మొదటిసారి పట్టుకున్నప్పుడు ఆయన ముఖం చూశాను. ఎడమచేతి వాటం వాళ్ళకోసం చక్రం అటువైపుకి మార్చుకునే రిమోట్లూ ఉంటాయి. మావాడు వెతికి అవి చూపించాడు కూడా. ఆయన వద్దన్నారు.

అప్పుడు వాడొక పని చేశాడు. రిమోట్లో డ్యూయల్ రేట్ అని ఒక అమరిక ఉంటుంది. చక్రం చివరిదాకా తిప్పితే ముందు చక్రాలు ఎంతవరకు మళ్ళాలో దాంతో మార్చుకోవచ్చు. ఇంకోటి ఎక్స్‌పోనెన్షియల్, అది మధ్యలో స్టీరింగు ఎంత సున్నితంగా ఉండాలో చెప్పేది. నాన్న చెయ్యి పూర్తిగా తిరగదు కనక కొంచెం తిప్పినా చక్రాలు బాగా మళ్ళేలా మొదటిది పెంచాడు. చెయ్యి వణికితే కారు వంకర్లు పోకుండా, మధ్యలో మొద్దుగా ఉండేలా రెండోది మార్చాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ తర్వాత నెలకోసారి నాన్నకి చెప్పకుండా డ్యూయల్ రేటు కాస్త కాస్త తగ్గిస్తూ వచ్చాడు, చెయ్యి ఇంకొంచెం ఎక్కువ తిప్పాల్సొచ్చేలా. నాకు చెప్పాడు. "అమ్మా, నాన్నకి చెప్పబాక" అన్నాడు. ఆయనకి తెలుసని నా అనుమానం. మోటారు చప్పుడు విని ఏ పన్ను అరిగిందో చెప్పే మనిషికి ఇది తెలీకుండా ఉంటుందా? ఎవరికి వాళ్ళు తెలీనట్టే ఉన్నారు. నేనూ అంతే.

ఇద్దరికీ పోట్లాటలూ ఉన్నాయి. మావాడికి తొందరెక్కువ. బండి సరిగ్గా పోకపోతే టైర్లు, స్ప్రింగులు, పట్టీ అన్నీ ఒకేసారి మార్చేస్తాడు. ఆయన ఒప్పుకోరు. చెరువులో మేత మార్చి, నీళ్ళూ మార్చి, మందూ వేసి, మర్నాడు చెక్ ట్రే ఎత్తి చూస్తే రొయ్య ఎందుకు తినలేదో ఎవరికి తెలుస్తుంది? ఒకసారికి ఒక్కటే మార్చు, రాసుకో, పది చుట్లు తిప్పు, అప్పుడు రెండోది. పాత మేత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఈ లెక్క నడుస్తోంది. తేదీ, టైరు నంబరు, పట్టీ, చుట్టుకి ఎన్ని సెకన్లు. రాసేది ఆయనే, కుడి చేత్తో. మొదటి పేజీలు చూస్తే కోడి గీకినట్టుంటాయి. ఒక పేజీకి నాలుగు వరసలే పట్టేవి. ఇప్పుడు పదకొండు పడుతున్నాయి. అక్షరం పాత అక్షరం కాదు, పక్కకి వాలి ఉంటుంది, కానీ 3కీ 8కీ తేడా తెలుస్తోంది.

బ్యాటరీలు నావంతు. మొదట్లో వాళ్ళు చార్జింగులో పెట్టి మర్చిపోయేవాళ్ళు. సన్నవి నాలుగు, ఒక్కోటి 1.2 వోల్టులు. పరుగు అయిన వెంటనే వేడిగా ఉన్నప్పుడు చార్జింగు పెట్టకూడదు, చల్లారాలి. నాలుగూ జట్టుగా వాడాలి, పాతదీ కొత్తదీ కలపకూడదు. నెయిల్ పాలిష్‌తో జట్టుకో రంగు చుక్క పెట్టాను. పెద్ద కార్లలో వాడే లైపో బ్యాటరీలైతే ఇంకా జాగ్రత్త. ఉబ్బితే వాడకూడదు, మనిషి దగ్గర లేకుండా చార్జింగు పెట్టకూడదు. అవి మా ఇంట్లోకి రావని ముందే చెప్పేశాను.

ఇరుగుపొరుగు నోళ్ళు ఊరుకుంటాయా? "నలభై ఏడేళ్ళ మనిషి బొమ్మ కారుతో ఆడుకుంటన్నాడంట" అన్నది మా అత్తమ్మ చెవిన పడింది. ఆవిడ నా దగ్గరికొచ్చి, "చెయ్యి బాగలేని మనిషికి బొమ్మిచ్చి కూర్చోబెట్టినావా" అంది. నేనేం వాదించలేదు. చేపల పులుసు గిన్నె ఆవిడ చేతికిచ్చి, మేడ మీద వాళ్ళిద్దరికీ ఇచ్చి రమ్మన్నాను. పైకి పోయిన ఆవిడ అరగంట కిందికి దిగలేదు. దిగాక ఒక్కటే అడిగింది. "వాడు వాళ్ళ నాయనతో ఎప్పట్నుంచి మాట్లాడుతుండాడు?"

మావాడు ఒకసారి ఫోనులో చూసి మసామి హిరోసాకా అనే జపాన్ ఆయన గురించి చెప్పాడు. రిమోట్ కార్ల పందేల్లో పద్నాలుగు ప్రపంచ టైటిళ్ళు గెలిచాడట, మొదటిది 1987లో. వాళ్ళ నాన్న వెంట ఉండి కార్లు సిద్ధం చేసేవాడట. తండ్రి విప్పి బిగిస్తాడు, కొడుకు నడుపుతాడు. అది విని మా ఆయన, "మనం ఉల్టా రా, నువ్వు బిగించు, నేను నడుపుతా" అన్నారు. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

ఆ మాట మీదే మొన్న మార్గశిరంలో చెన్నై పోయాం. అక్కడ తెలిసినవాళ్ళ ద్వారా ఒక పదిమంది ఇలాంటి కార్లవాళ్ళు ఆదివారాలు ఒక మేడమీద కలుస్తారని తెలిసింది. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు. అసలు కార్ల రేసులు జరిగే ఇరుంగాట్టుకోట్టై ట్రాకు చెన్నై శివార్లలోనే ఉంది, 1990 నుంచీ. మావాడికి అది చూడాలని ఉంది. మేం మాత్రం మేడ దగ్గరే ఆగిపోయాం. ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఏదైనా కారు పల్టీ కొడితే తిప్పి పెట్టడానికి మలుపు దగ్గర ఒకరు నిలబడాలట, దాన్ని మార్షల్ అంటారు. ఖాళీగా కూర్చున్నానని నన్ను నిలబెట్టారు. పులికాట్ దాటి వచ్చి, పట్టుచీర కట్టుకుని, వంగి వంగి పిలకాయల కార్లు తిప్పిపెట్టాను. నడుం పట్టేసింది, అయినా భలే ఉండింది లెండి.

అయిదు నిమిషాల పందెం. మా ఆయన ఆఖరున వచ్చారు, ముందున్నవాడికి ఆరు చుట్లు వెనక. నా మలుపులోనే రెండుసార్లు పల్టీ. చెయ్యి అలిసిపోయి చివరి నిమిషం కారు నెమ్మదిగా పోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, చెయ్యి సంగతి అడగనూ లేదు. దిగాక ఆయన గెలిచిన కుర్రాడి దగ్గరికిపోయి అతని కారు వెనక్కి తిప్పి, వచ్చీరాని తమిళంలో వెనక టైరు నంబరు ఎంతని అడుగుతున్నారు. ఆ కుర్రాడు ముందు టైర్ల అంచులకి సూపర్ గ్లూ సన్నగా పూస్తే మలుపులో పల్టీ కొట్టదని చూపించాడు. రైల్లో తిరిగొస్తున్నంతసేపూ తండ్రీ కొడుకూ అదే మాట. గూడూరు దాటాక నాకు నిద్ర పట్టింది.

కౌలు గడువు ఈ ఉగాదికి అయిపోతుంది. చెరువులు తిరిగి తీసుకుంటావా అన్నా, ఇంకో రెండు పంటలు నన్నే చూసుకోమంటావా అని మరిది అడిగాడు. చెరువంటే పగటి పని కాదు. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. ఆ చీకట్లో గట్టు మీద పరుగెత్తి జనరేటరు వెయ్యాలి. మనిషిని పెట్టుకోవచ్చు, మనిషి నిద్రపోతే? చొక్కా గుండీలు అన్నీ పెట్టుకుంటున్నారు ఇప్పుడు, మెడ దగ్గరిది తప్ప. మోటారు సైకిల్ బ్రేకు కుడి చేతిది. నేను ఏ మాటా చెప్పలేదు ఇంకా, ఆయనా అడగలేదు.

మొన్న ఆదివారం మాత్రం చెరువు దగ్గర మూలపడి ఉన్న ఏరియేటర్ గేర్ బాక్సు ఒకటి ఆటోలో వేయించుకుని ఇంటికి తెచ్చారు. వరండాలో పాత పేపర్లు పరిచి ఇద్దరూ దాన్ని విప్పారు. ఆ బేరింగు పక్కన బుల్లి కారు బేరింగు పెట్టి మావాడు ఫోటో తీసి వాళ్ళ మామకి సింగపూర్ పంపాడు. ఇన్నాళ్ళూ వెనక పేజీల్లో రాస్తున్న లెక్కల పుస్తకాన్ని తిరగేసి, ముందువైపు ఖాళీగా ఉన్న పేజీలో ఆయన తేదీ వేశారు. గచ్చు మీద గ్రీజు మరకలు మోచేతంత. అవి ఎవరు తుడవాలో ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ రాయలేదు.